రేడియోలో ఎర్ర పాదరసం లేదు, వాల్వులు పగలగొట్టకండి

ఎడిటర్ గారికి,

పాలకొల్లులో చాలా ఏళ్లు రేడియోలు, మైక్ సెట్లు బాగుచేసి, కొట్టు మూసేసి ఇంటిపట్టున ఉంటున్నవాణ్ని. ఈమధ్య మళ్లీ జనం వెతుక్కుంటూ వస్తున్నారు. రిపేరుకి కాదు. "మా తాతగారి రేడియోలో రెడ్ మెర్క్యురీ ఉందేమో చూడండి బాబాయ్ గారూ, లక్షలిస్తారంటండి" అని. అదే ఎర్ర పాదరసం, పాత రేడియోల్లో దొరుకుతుందని ఎవరో పుట్టించిన పుకారు.

కిందటి నెల నరసాపురం వైపు నుంచి ఒక కుర్రాడు యూరియా సంచిలో రేడియో ఛాసిస్, అంటే పైపెట్టె తీసేసిన లోపలి సామాను, వేసుకొచ్చాడు. అప్పటికే ఒక వాల్వు, అంటే పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టం, పగలగొట్టేశాడు. "పైన అద్దంలా మెరిసిందండి. కొట్టగానే తెల్లబడిపోయింది. ఆవిరైపోయిందంటారా?" అన్నాడు. ఆవిరీ లేదు, పాదరసమూ లేదు. ఆ మెరుపు బేరియం పూత. వాల్వులో మిగిలిపోయిన కాస్త గాలినీ పీల్చేయడానికి ఫ్యాక్టరీలో వేస్తారు. బయటి గాలి తగిలితే సున్నంలా తెల్లబడుతుంది. పాత వాల్వు చేతికొస్తే మేం ముందు చూసేది దాన్నే. అది వెండిలా మెరుస్తుంటే ఆశ ఉంది, పాలలా తెల్లబడితే వాల్వు పోయినట్టే. ట్రాన్స్‌మిటర్లలో వాడిన కొన్ని పెద్ద రెక్టిఫయర్ వాల్వుల్లో (ఏసీని డీసీ చేసేవి) పాదరసం ఉండేమాట నిజమే. అది మామూలు పాదరసం. ఇంటి రేడియోల్లో అవి ఉండవు.

కుర్రాడు పగలగొట్టింది ఈఎల్ 84 అనే రకం వాల్వు. ప్రాణం ఉసూరుమంది. అంతకు వారం ముందే చర్చిలో గిటార్ వాయించే అబ్బాయి ఒకడు అదే వాల్వు కోసం నా దగ్గరికి వచ్చాడు. వాళ్ల పాత గిటార్ యాంప్లిఫయర్‌కి అవి రెండు కావాలి. వోక్స్ ఏసీ 30 అని పేరుమోసిన గిటార్ యాంప్లిఫయర్ ఉంది, దాన్లో నాలుగుంటాయి. పెద్ద మైక్ సెట్లలో మేం మార్చిన ఈఎల్ 34లనే మార్షల్ యాంప్లిఫయర్లలోనూ వాడారు.

పేరు చదవడం తెలిస్తే సగం పని అయినట్టే. ఈ అంటే ఫిలమెంటుకి, అంటే లోపల వేడెక్కే తీగకి, 6.3 వోల్టులు. ఎల్ అంటే స్పీకర్‌ని నడిపే పవర్ వాల్వు. అంకె 8తో మొదలైతే తొమ్మిది పిన్నుల సన్న వాల్వు, 3తో మొదలైతే ఎనిమిది పిన్నుల లావు అడుగుది. అమెరికా పేరు వేరే: ఈఎల్ 84ని 6బీక్యూ5 అంటారు, సన్నటి సిగ్నల్‌ని పెంచే ఈసీసీ 83ని 12ఏఎక్స్7 అంటారు. ఇక్కడే ఒక చిక్కుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ డీసీ రేడియోల్లో యూఎల్ 84 ఉంటుంది, చూడ్డానికి అచ్చం ఈఎల్ 84లానే. దాని ఫిలమెంటుకి 45 వోల్టులు కావాలి. గిటార్ యాంప్లిఫయర్‌లో పెడితే వెలగనైనా వెలగదు.

గాజు మీది అక్షరాలు మాత్రం తుడవకండి. 1996 నవంబరు తుపానుకి కొట్టు కారి నా వాల్వుల పెట్టెలు తడిశాయి. శుభ్రం చేద్దామని ఒక్కోటీ తీసి గుడ్డతో రుద్దాను. బూజుతోపాటు పేర్లూ పోయాయి! మాసిన పేరు మీద నోటితో ఆవిరి ఊది, పక్కవెలుతురులో చూస్తే ఒక్కోసారి అక్షరాల జాడ తేలుతుంది. ఫిలిప్స్ కుటుంబం వాల్వులైతే గాజు కింది అంచున చిన్న కోడ్ ఉంటుంది. ఏ ఫ్యాక్టరీదో దాన్నిబట్టే తెలుస్తుంది, పెద్దక్షరాల పేరుని నమ్మడానికి లేదు. ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన వాల్వు ఫిలిప్స్‌గా, మల్లార్డ్‌గా, ఆంపెరెక్స్‌గా అమ్ముడుపోయిన రోజులవి. మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా 1961 నుంచి రేడియో వాల్వులు చేసింది. అవి ఏం తీసిపోవు, నా అనుభవం అది.

చర్చి అబ్బాయి కోసం నా దగ్గరున్న నాలుగింటిని పోల్చి చూశాను. ఒకే రేడియో, ఒకే సాకెట్, పది నిమిషాలు వేడెక్కాక వాల్వు కాథోడ్ పిన్నుకున్న రెసిస్టరు మీద మీటరు. అక్కడ ఎక్కువ వోల్టులు చూపితే వాల్వులో బలం ఉన్నట్టు. ప్లేటుకి 250 వోల్టులు, రెసిస్టరు 135 ఓములు ఉంటే మంచి ఈఎల్ 84 ఏడు వోల్టుల పైన చూపాలి. రెండు ఏడు దగ్గర నిలిచాయి, ఒకటి ఆరు, ఇంకోటి నాలుగు. ఆ మొదటి రెండూ జతగా ఇచ్చాను. ఈసీసీ 83కి ఇంకో పరీక్ష కూడా ఉంది: పెన్సిల్‌తో తట్టినప్పుడు స్పీకర్లో గంటలా మోగితే గిటార్‌కి పనికిరాదు. ఇవి తెలియనివాళ్లు ఇంట్లో చేయకండి. స్విచ్ ఆపినా కండెన్సర్లో కరెంటు నిలిచి ఉంటుంది, నాకు ఆ దెబ్బ తెలుసు.

లక్షలు రావు. కానీ అడిగేవాళ్లున్నారు. మీ జిల్లా పేజీలో ఈ ముక్క వేస్తే సుత్తి పట్టుకున్న చేతులు కొన్నైనా ఆగుతాయి.

ఆ కుర్రాడి ఛాసిస్‌కి కరెంటిచ్చి చూశాను. మిగతా వాల్వులన్నీ వెలిగాయి, స్టేషను కుదిరిందో లేదో చూపే పచ్చకన్ను కూడా తెరుచుకుంది. వాడి ముఖం వెలిగిపోయింది. ఇప్పుడు వారానికోసారి ఫోన్: "ఈఎల్ 84 ఎక్కడైనా దొరికిందాండి?"

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్,
పాలకొల్లు