ఆన్‌లైన్‌లో చట్టం చదవొచ్చు, నల్లకోటు మాత్రం రాదు

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగం చేసుకుంటూనే ఇంట్లో కూర్చుని ఎల్‌ఎల్‌బీ పూర్తి చేయండంటూ ఫోన్లలో ప్రకటనలు తిరుగుతున్నాయి. ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో చేసిన ఎల్‌ఎల్‌బీతో బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా ఎన్‌రోల్ (నమోదు) కాలేరు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం, లాసెట్ రాసి చేరే మూడేళ్ల కోర్సుకైనా వారానికి 30 గంటల తరగతులు, 70 శాతం హాజరు తప్పనిసరి. తరగతులు ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపే. పగలు ఉద్యోగం ఉన్నవాళ్లు ఈ హాజరు దగ్గరే చిక్కుకుంటారు.

వాదించాలన్న ఉద్దేశం లేక, ఉద్యోగానికి చట్టం తెలిస్తే చాలనుకునే అకౌంటెంట్లకు, బ్యాంకు వాళ్లకు, హెచ్‌ఆర్ వాళ్లకు దారి ఉంది. హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ సైబర్ చట్టాలు, పేటెంట్ చట్టాల్లో దూరవిద్య పీజీ డిప్లొమాలు నడుపుతోంది. వాటితో పాటు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో చట్టం అసలు పాఠం ఉచితంగా దొరుకుతుంది. చాలామంది వీడియోలతో మొదలుపెట్టి, చట్టాన్ని తెరవకుండానే ఆపేస్తారు. అసలు నష్టం అక్కడే.

చెక్ బౌన్స్‌నే తీసుకోండి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 మొదటి పేరా చదివితే శిక్ష మాత్రమే తెలుస్తుంది: రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ. గడువులు కింద ప్రొవైజోలో, అంటే షరతుల భాగంలో ఉన్నాయి. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పాక 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి అవతలివాళ్లకు 15 రోజులు. ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలన్నది సెక్షన్ 138లో లేదు, 142లో ఉంది. నోటీసు పోస్టు చేసిన రోజు నుంచి 15 రోజులు లెక్కపెట్టి తొందరపడి కేసు వేసేవాళ్లు ఈ ప్రొవైజో చదవనివాళ్లే. ఏ చట్టమైనా ముందు నిర్వచనాల సెక్షన్, తర్వాత ప్రొవైజోలు, వివరణలు చదివితే సగం తప్పులు తప్పుతాయి.

ఇంకొకటి, వీడియో పాఠం రికార్డు చేసిన తేదీ చూడండి. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. మోసానికి పాత 420 పోయి 318(4) వచ్చింది. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి రెండూ తెలిసుండాలి.

మీ పత్రికలో లా కోర్సుల ప్రకటనలు వచ్చినప్పుడు, ఆ కోర్సుతో న్యాయవాదిగా ఎన్‌రోల్ కావచ్చో లేదో ఒక్క వాక్యం పక్కనే వేయించండి.

- ఒక పాఠకుడు, హన్మకొండ