మా వాడ బడి గోడకు చేయి వేసిన అందరికీ

సిరిసిల్లలో మా వాడ బడి గోడ మీద బొమ్మ నిన్న సాయంత్రం పూర్తయింది. 60 అడుగుల గోడ. చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు ఎవరికి చెందాలో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

హైదరాబాద్ మక్తా బస్తీలో 2016లో స్టార్ట్ ఇండియా అనే వీధిబొమ్మల సంస్థ వాళ్లు ఇళ్ల గోడల మీద వేయించిన బొమ్మలు చూసినప్పటి నుంచి మా వాడలోనూ ఒకటి ఉండాలని ఆశ. నిరుడు చందాలు పోగుచేసి వేయించాం. మొదటి వానకే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. చందా ఇచ్చినవాళ్లకు మొహం చూపించలేకపోయాను.

ఈసారి పని మొదలుకాకముందే మేస్త్రీ అన్న వచ్చి గోడను బొటనవేలితో రుద్దాడు. వేలికంతా తెల్లటి పొడి. "పాత సున్నం మీద రంగు ఎట్ల ఆగుతది తమ్మీ?" అన్నాడు. వెనక మోరీ నీళ్లు గోడలోకి ఎక్కుతున్నాయని కనిపెట్టిందీ ఆయనే. వైర్ బ్రష్‌తో సున్నమంతా గీకించి, కింద రెండడుగులు కొత్తగా ప్లాస్టరింగ్ చేసి, నెల దాకా రంగు డబ్బా మూత తీయొద్దన్నాడు. జూన్ 12న బడి తెరుస్తారు, నాకు ఒకటే టెన్షన్. అయినా ఆగాం. తన కూలి మాత్రం ఎంత బతిమాలినా తీసుకోలేదు. అన్నా, నీ రుణం తీరేది కాదు.

మోరీ బాగుచేసిన మున్సిపల్ సిబ్బందికి, రోజూ అన్నం పంపిన అక్కలకు దండాలు.

మా కోసం తేదీలు నెల రోజులు వెనక్కి జరుపుకున్న, గుడ్డ పటాల మీద కథల బొమ్మలు వేసే చేర్యాల నకాషీ కళాకారులకు ఏమని చెప్పను? గుడ్డ మీదైతే చింతగింజల అంబలి, సుద్దమట్టి పూసి వేస్తారు. ఎండావానల్లో ఉండే గోడకు అది ఆగదని బయటి గోడల అక్రిలిక్ రంగులు వాడారు. వెనక పరిచిన ఆ ఎరుపు మాత్రం చేర్యాలదే. నేత పని చేసే పద్మశాలీల కులకథను, ఆ కథలు చెప్పే కూనపులివాళ్లు ఇలాంటి పటం విప్పే చెప్పేవారు. తామరతూళ్ల దారంతో బట్ట నేసిన, పద్మశాలీల మూలపురుషుడు భావనా ఋషి ఇప్పుడు బడి గేటు పక్కనే ఉన్నాడు.

చివరింటి అవ్వ సుద్దముక్కతో గీసిన గీతలు చూసి ఆగిపోయింది. దారపు కండెలు చుట్టే ఆడమనిషి బొమ్మలో చేతులు తారుమారయ్యాయట. అక్కడే అరుగు మీద కూర్చుని, కుడిచేత్తో లేని రాట్నం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య లేని దారం సాగదీసి చూపించింది. కళాకారులు ఆ గీతలు తుడిచి, ఆమె చేతులనే చూస్తూ మళ్లీ గీశారు. రంగు పడ్డాక అవ్వ వచ్చి చూసి, "గిప్పుడు సక్కగున్నది" అంది.

మిగిలిన ఎరుపు రంగు డబ్బా హెడ్మాస్టర్ సారు గదిలో పెట్టాం. ఎక్కడైనా పెచ్చు లేస్తే వెంటనే ఫోన్ చేయండి, ఆ రోజే వస్తాం.