కర్ణాటక ఇంధన శాఖ కార్యదర్శి గారికి: ముందు బొగ్గు లెక్క చెప్పండి

అయ్యా,

కరెంటు కొరత వచ్చినప్పుడల్లా బెంగళూరులో రెండు మాటలే వినిపిస్తాయి. ఉత్పత్తి అంతా ప్రైవేటుకిచ్చేయమని కొందరు, అంతా సర్కారే నడపాలని ఇంకొందరు. సర్కారు వారి రాయచూరు థర్మల్ కేంద్రం బొగ్గు యార్డులో నిలబడితే ఈ వాదన తేలదు.

అక్కడి 210 మెగావాట్ల ఉత్పత్తి యూనిట్ పూర్తి లోడుతో తిరిగితే రోజుకు 50 లక్షల యూనిట్ల కరెంటు. ఒక్కో యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల చొప్పున 3,500 టన్నుల బొగ్గు కావాలి, దాదాపు ఒక గూడ్సు రైలు. అక్కడ అలాంటి ఉత్పత్తి యూనిట్లు ఏడు, పైన 250 మెగావాట్లది ఒకటి. రైళ్లు తగ్గితే యజమాని ఎవరైనా లోడు దించాల్సిందే. వానకు తడిసిన బొగ్గు మరో తలనొప్పి: నిల్వ తొట్టి (బంకర్) గోడలకు అట్టకట్టి, మిల్లుకు బొగ్గు పంపే ఫీడర్‌లోకి జారదు. బాయిలర్ ట్యూబు పగిలిందా, చల్లార్చి, వెల్డింగ్ చేసి, నీటి ఒత్తిడితో పరీక్షించి మళ్లీ వెలిగించేసరికి రెండు మూడు రోజులు.

ప్రైవేటుతో చిక్కు వేరు. ఒప్పందం లేని ప్లాంటు ధర ఎక్కడ పలికితే అక్కడ అమ్ముకుంటుంది, వ్యాపారం మరి. అందుకే 2023 అక్టోబరులో ప్లాంట్లు తాను చెప్పినట్టు నడవాలని సర్కారు ఆదేశించే విద్యుత్ చట్టం 11వ సెక్షన్ వాడాల్సి వచ్చింది. అది ఫైరింజన్ లాంటిది, రోజూ తిప్పేది కాదు.

కొత్త ఒప్పందాల్లో మార్చి నుంచి మే దాకా, సాయంత్రం పీక్ వేళల్లో లభ్యత పడిపోతే స్థిర ఛార్జీలో (కరెంటు తీసుకున్నా లేకున్నా ప్లాంటుకు కట్టేది) పెద్ద కోత రాయించండి. సర్కారు యూనిట్ల ఓవర్‌హాలింగ్ శరావతి జలాశయం నిండి జలవిద్యుత్ దొరికే వానాకాలంలో పెట్టండి; వాన ముఖం చాటేస్తే రెండు యూనిట్లు ఒకేసారి ఆపొద్దు. ఏ యూనిట్ ఎందుకు ఆగిందో, ఎన్ని రోజుల బొగ్గుందో రోజూ ఉదయం ప్రకటించండి. ప్రైవేటు అదానీదైనా, సర్కారు సంస్థ కేపీసీఎల్‌దైనా.

ఇట్లు,
మారతహళ్లి నుంచి కొందరు తెలుగు విద్యుత్ ఇంజినీర్లు