పెన్నేరుగడ్డ పొడి ఎందుకు ఆపామంటే

మన మూలికల అంగడిలో పెన్నేరుగడ్డ (అశ్వగంధ) వేరు పొడి అమ్మకం ఆపేశాం. రాత్రిపూట పాలల్లో కలుపుకుని తాగడానికి, నిద్ర పట్టడానికి, మనసు కుదుటపడడానికి నెలనెలా తీసుకెళ్లేవాళ్లు తిరుపతిలో చాలామందే ఉన్నారు. తోతాపురి మామిడి ధర ఏమవుతుందో, పిల్లల ఉద్యోగాలు నిలుస్తాయో లేదో తెలియని రోజుల్లోనే ఆపాల్సి వచ్చింది. కారణం మీకు తెలియాలి.

ఈసారి వచ్చిన సరుకులో ఆకు కలిసింది. మంచి వేరు పొడి లేత గోధుమ రంగులో ఉంటుంది. ఇది ఎండలో పెట్టి చూస్తే ఆకుపచ్చ చాయ తేలింది. మైక్రోస్కోపు కింద ఆకు మీది నూగు, పత్రరంధ్రాలు కనబడ్డాయి, వేరులో అవి ఉండవు. సరఫరాదారు ఇచ్చిన ల్యాబు కాగితంలో మాత్రం మొత్తం విథనోలైడ్ల (ఈ మొక్కలో పనిచేసే పదార్థాల) శాతం భేషుగ్గా ఉంది. కిటుకంతా అక్కడే. విథనోలైడ్లు ఆకులోనూ ఉంటాయి, వాటిలో ఒకటైన విథాఫెరిన్-ఎ అయితే వేరులోకన్నా ఆకులోనే ఎక్కువ. అందుకే మొత్తం శాతం చూసి అది వేరు పొడేనని చెప్పలేం. ఏ పదార్థం ఉందో విడివిడిగా చూపే హెచ్‌పీటీఎల్‌సీ పరీక్ష కావాలి. వేరుకన్నా ఆకు బాగా చవక కాబట్టే ఈ పని చేస్తారు. ఆకు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లోనే తయారీదారులకు చెప్పింది.

సరఫరాదారును నిలదీస్తే వచ్చిన జవాబు: "అందరూ ఇదే తీసుకుంటున్నారు, మీకొక్కరికే ఎందుకింత పట్టింపు?" ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. పాకెట్టు మీద ఉండేది మా అంగడి పేరు. పట్టింపు లేనివాళ్లు నోట్లోకి వెళ్లే సరుకు అమ్మకూడదు.

ఎంతకీ తెగని ఆలోచన ఒక్కటే: ఇంకో వ్యాపారి దగ్గర పొడి తెచ్చి అమ్మాలా, పూర్తిగా ఆపాలా? మా అమ్మకాల్లో పెద్ద భాగం ఇదే. దీనికి అలవాటుపడినవాళ్లు ఏమైపోతారోనన్న బెంగ అంతకన్నా పెద్దది. కానీ పొడి చేశాక దేన్నీ ఒట్టి కంటితో ఖాయంగా తేల్చలేం. అందుకే ఇకపై పొడి కొనం. మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మండీ నుంచి వేర్లే తెప్పించి, విరిస్తే టక్కున విరిగి లోపల తెల్లగా పిండిలా ఉన్నవే ఏరి, మీ ఎదుటే మరపట్టిస్తాం. ధర పెరుగుతుంది. ఆ వేర్లు వచ్చేవరకు డబ్బా ఖాళీగానే ఉంటుంది, దాని బదులు ఇంకేదీ అంటగట్టం.

ఇంట్లో ఉన్న పాకెట్లు తెచ్చివ్వండి. విప్పినా, బిల్లు లేకున్నా డబ్బు వాపసు ఇస్తాం. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, ఒళ్లంతా దురదపెడుతున్నా ఆ పాకెట్టుతోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మంచి వేరు పొడైనా సరే గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు వాడొద్దు. థైరాయిడ్ మాత్రలో నిద్రమాత్రలో వేసుకునేవాళ్లు డాక్టరును అడక్కుండా ముట్టొద్దు.

పొడి లేకపోయినా దిగులు తగ్గే దారులున్నాయి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, అయిదు నిమిషాలు చాలు. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. చాలామంది రొమ్ము నిండా బలంగా పీలుస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఉన్న భయం ఇంకా పెరుగుతుంది. మెల్లగా, కొద్దిగానే పీల్చాలి.

20 నిమిషాలైనా నిద్ర రాకుంటే మంచం దిగి మసక వెలుతురులో కూర్చోండి, కళ్లు మూతలు పడితేనే మళ్లీ పడుకోండి. ఎప్పుడు పడుకున్నా లేచే వేళ మార్చొద్దు. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు, తాగిన అయిదారు గంటలకు కూడా సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం 15 నిమిషాలు కూర్చుని మనసును తొలిచేవన్నీ కాగితం మీద పెట్టండి. ఒక్కోదాని పక్కన రేపు చేయగల పని రాయండి: మామిడి ఫ్యాక్టరీ టోకెను కనుక్కోవడం, బ్యాంకులో గడువు అడగడం.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గక, తిండీ పనీ దెబ్బతింటుంటే రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. పొడి ఉందని డాక్టరు రాసిన మాత్రలు మానేసినవాళ్లు ఆ డాక్టరునే మళ్లీ కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే అప్పటికప్పుడే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైను టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అలాంటి బాధతో మా అంగడికి వస్తే ఏ మూలికా ఇవ్వం, ఆ నంబరు మేమే కలిపి ఫోన్ మీ చేతికిస్తాం.