నా సెమినార్ పేపర్‌ని బతికించినవాళ్లకి

శనివారం సెమినార్ అయింది. దానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు నా ల్యాప్‌టాప్ రిపేరుకి ఇస్తే, ఒక్క మాట అడక్కుండా అందులో ఉన్నదంతా చెరిపేసి, తళతళలాడేలా చేసి చేతికిచ్చారు. రెండు నెలల రాత గల్లంతు. జగదాంబ జంక్షన్‌లో రోడ్డు మీదే ఏడ్చాను. ఇద్దరు పిల్లల తల్లిని, ఈ వయసులో లా చదువేంటని ఇంటా బయటా అనిపించుకున్నదాన్ని. ఆ ఏడుపులో సగం దానికే.

నా అంశం మతస్వేచ్ఛ గొడవల్లో ఆర్థిక బహిష్కరణ, అంటే కొనడం, వ్యాపారం చేయడం మానేసి ఒత్తిడి పెట్టడం. మళ్లీ మొదటినుంచి రాయాల్సి వచ్చింది. ఒక్కదాన్నే అయితే అయ్యే పని కాదు.

ముందు థాంక్స్ అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని ఇండియానాపోలిస్‌లో ఉన్న మా పిన్ని కొడుక్కి. 2015 మార్చి 26న అక్కడి గవర్నర్ మైక్ పెన్స్ మతస్వేచ్ఛ చట్టం మీద సంతకం పెట్టారు. నమ్మకం పేరు చెప్పి స్వలింగ జంటలకి వ్యాపారులు సేవలు నిరాకరించొచ్చని భయం పుట్టి గొడవైంది. సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ రాష్ట్రానికి ప్రయాణాలు ఆపేసింది. యాంజీస్ లిస్ట్ అనే అక్కడి కంపెనీ 4 కోట్ల డాలర్ల విస్తరణని నిలిపేసింది. ఏప్రిల్ 2కల్లా చట్టానికి సవరణ వచ్చేసింది. ఇవన్నీ నా పాత కాగితాల్లో ఉన్నవే. తమ్ముడు అడిగింది వేరు: "హోటల్లో గదులు తుడిచే ఆవిడకి ఆ చట్టంతో ఏం పనక్కా? బుకింగులు పోతే ముందు పోయేది ఆవిడ షిఫ్టే కదా." నా పేపర్లో కంపెనీలున్నాయి, గవర్నరున్నాడు, ఆవిడ లేదు. కొత్త దాంట్లో ఉంది.

జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే మా మాస్టారికి ఎలా చెప్పుకోవాలో తెలీదు. కేసులున్న రోజున కూడా టీ చల్లారిపోయేదాకా కూర్చోబెట్టి, "అమెరికా సరే, మన 1962 ఎక్కడమ్మా?" అన్నారు. సైద్నా కేసు. మతపెద్దలు ఎవరినీ వెలివేయకూడదని బొంబాయిలో 1949లో చట్టం చేస్తే, దావూదీ బోహ్రాల (ముస్లింలలో ఒక శాఖ) గురువు సైద్నా సుప్రీంకోర్టుకి వెళ్లారు. మత కారణాలతో వెలివేయడం ఆ సమాజం సొంత వ్యవహారమేనని నలుగురు న్యాయమూర్తులు చట్టాన్ని కొట్టేశారు. ప్రధాన న్యాయమూర్తి సిన్హా ఒక్కరే ఒప్పుకోలేదు. 2023లో దాన్ని తొమ్మిదిమంది ధర్మాసనానికి పంపారు. నేను బహిష్కరణ ఒక పక్క, మతస్వేచ్ఛ ఇంకో పక్క అనుకుని రాశాను. ఇక్కడ వెలివేతకి కాపు కాసింది మతస్వేచ్ఛే. ఆ రాత్రి రెండో భాగం మొత్తం తిరగరాశాను.

అక్కయ్యపాలెం బేకరీ ఆయన్ని అమెరికాలోని కొలరాడో కేకు కేసు గురించి అడిగాను. అక్కడ ఒక బేకరీ ఆయన తన మతం ఒప్పుకోదని స్వలింగ జంటకి పెళ్లి కేకు చేయనన్నాడు. (2018లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో కేకులాయన పక్షానే తీర్పిచ్చింది గానీ, ఆ రాష్ట్ర పౌరహక్కుల కమిషన్ ఆయన మతాన్ని చులకన చేసిందన్న కారణంతో. అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది.) ఆయన క్రీము అద్దుతూనే, "కొనడానికొచ్చినోళ్లకి అమ్మనంటే ఎలాగమ్మా? దాని మీద ఏటి రాయాలన్నది మాత్రం నేను సూసుకుంటాను" అన్నారు. లాయర్లు వందల పేజీల్లో కొట్టుకున్న గీత అదే.

సెమినార్లో ఒక మేడం నిలదీశారు, "ఇంతకీ నువ్వెటు?" అని. ఒక చట్టాన్ని చూపించి, అది మారేదాకా కొనం అనేదాన్ని ఒప్పుకోగలను అన్నాను. ఓటే లేని కంపెనీ, ఎన్నికైన శాసనసభ మెడ వంచడం ఏం న్యాయమన్న ప్రశ్న దానికీ ఉంది, అది చిన్నదేం కాదు. కానీ ఫలానా దేవుణ్ణి మొక్కేవాడి కొట్లో కొనొద్దు అంటే, ఆ కొట్టువాడు ఏం మార్చుకుంటే అది ఆగుతుంది? గొంతు వణికింది. చెప్పేశాను.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో మూసే వేళ దాటినా లైటు ఆర్పకుండా ఉన్న బాబాయిగారికి, యాభై ఆరు పేజీలు ప్రింటు తీసి సగం డబ్బులే తీసుకున్న జిరాక్స్ తమ్ముడికి, నాలుగు రోజులు ఉప్మా తిని ఊరుకున్న మావాళ్లకి కూడా థాంక్స్.

బేకరీ ఆయనకి ఒక కాపీ ఇస్తానన్నాను, ఇంకా ఇవ్వలేదు. ఆదివారం తీసుకెళ్తాను. చదవరు, తెలుసు. గల్లాపెట్టె పక్కన పెట్టుకుంటారు.