డిస్క్ రోటర్లు మార్చే పని: రేటు, పద్ధతి మారుతున్నాయి

మన షాపులో మౌంటెన్ బైక్ సైకిళ్లకు డిస్క్ రోటర్లు (బ్రేకు ప్యాడ్లు నొక్కిపట్టే గుండ్రటి స్టీలు రేకులు) మార్చే పనిలో ఈ నెల నుంచి కొన్ని మార్పులు చేస్తున్నాను. లేబర్ ఒక చక్రానికి ఇప్పటిదాకా 250 రూపాయలు, ఇకమీదట 400. బండి ఒక రోజు మా దగ్గర ఉంచాలి. ఇంకో సంగతి, అడిగిన ప్రతి బండికీ పెద్ద రోటర్ వేయను. ‘డబ్బులిస్తామంటే కాదంటావేందన్నా’ అని ఇప్పటికే కొందరు మొహమాటం లేకుండా అడిగారు. అడగడంలో తప్పేమీ లేదు. అందుకే అందరికీ ఒకేసారి వివరంగా చెబుతున్నాను.

తిరుపతి, చిత్తూరు వైపు సైకిల్ తొక్కేవాళ్లు సెలవు దొరికితే వెళ్లేది భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్, కాస్త ఓపికున్నవాళ్లు హార్స్‌లీ కొండ. దిగేటప్పుడు బ్రేకు లివర్ మెత్తబడిందనో, బ్రేకు కీచుమని అరిచిందనో సోమవారం షాపుకొస్తారు. వచ్చీ రాగానే, ‘అన్నా, ఆ 160 పీకేసి 203 ఏసేయ్’ అంటారు. ఈ అంకెలు రోటర్ వ్యాసం, మిల్లీమీటర్లలో.

వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. హార్స్‌లీ కొండ మీద నుంచి మదనపల్లెకు దిగితే 500 మీటర్లకు పైగా ఎత్తు తగ్గుతుంది. మనిషి, బండి కలిపి 95 కిలోలు అనుకుందాం. ఎదురుగాలి, టైర్లు తినేది తినగా మిగిలిన శక్తంతా బ్రేకుల దగ్గర వేడిగా మారాల్సిందే. ఆ వేడితో లీటరు నీళ్లు మరిగించవచ్చు. అదంతా 2 మిల్లీమీటర్ల మందం కూడా లేని రెండు స్టీలు రేకుల మీద పడుతుంది. లివర్ వదలకుండా నొక్కిపట్టి దిగేవాళ్లకు రోటర్ చల్లారే సందే దొరకదు. ప్యాడ్ల పైపొర మాడి నున్నగా అయిపోతుంది, ఇక ఎంత నొక్కినా పట్టదు.

పెద్ద రోటర్ వల్ల లాభం నిజమే. 160 నుంచి 180కి వెళితే అదే చేతి బలానికి సుమారు 12 శాతం, 203కి వెళితే 27 శాతం దాకా బ్రేకు పట్టు పెరుగుతుంది. రేకు పెద్దది కాబట్టి వేడిని ఎక్కువ తీసుకుంటుంది, త్వరగా చల్లారుతుంది కూడా. కానీ నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి అసలు జబ్బు రోటర్ సైజు కాదు. గొలుసుకు కొట్టిన స్ప్రే తుంపర్లు రోటర్ మీద పడి ఉంటాయి. లేదా బ్రేకు అరుస్తోందని ఎవరో నేరుగా రోటర్ మీదే నూనె స్ప్రే కొట్టి ఉంటారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. ప్యాడ్ ఆ నూనెను పీల్చుకుందంటే దాదాపుగా పారేయాల్సిందే. కేబుల్ డిస్క్ ఉన్న బండ్లకైతే తుప్పు పట్టిన కేబుల్, దాని మీద నలిగిన గొట్టం (ఔటర్) మార్చగానే సగం బెంగ తీరిపోతుంది.

అందుకే ఇకమీదట ముందు కొలిచి చూస్తాను. షిమానో కంపెనీ రోటర్ కొత్తగా ఉన్నప్పుడు 1.8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 1.5కి వస్తే మార్చేయాలి. మొన్న చంద్రగిరి నుంచి ఒక కాలేజీ అబ్బాయి తెచ్చిన బండికి మైక్రోమీటర్ పెడితే 1.3 చూపించింది. ప్యాడ్ తాకే చోటు గుంటపడి, అంచు దగ్గర గోరు పెడితే మెట్టులా తగులుతోంది. తను అడిగింది 203. నేను వేసింది అదే 160 సైజులో కొత్త రోటర్, కొత్త ప్యాడ్లు. ఖర్చు సగం కూడా కాలేదు, బ్రేకు బ్రహ్మాండంగా పడుతోంది. ఇలాంటి బండికి పెద్ద రోటర్ అమ్మితే నాకు లాభమే, కానీ ఆ లాభం నాకొద్దు.

అప్‌గ్రేడ్ నిజంగా అవసరమైనవాళ్లు ఉన్నారు. బరువున్నవాళ్లు, బ్యాగులు కట్టుకుని దూరాలు వెళ్లేవాళ్లు, ఘాట్లు తరచూ దిగేవాళ్లు. వీళ్లకు కూడా ముందు చక్రానికి మాత్రం 180 వేసి చూడమంటాను. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకే వస్తుంది కాబట్టి ఎక్కువ పని చేసేది ముందు బ్రేకే. టైరు అరిగిపోయి ఉంటే మాత్రం రోటర్ కంటే మొదట టైరే మార్చండి. నేలను పట్టుకోవాల్సింది టైరే.

ఇక నేను కాదనే చోటు. ప్రతి ఫోర్కుకూ (ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే భాగం) కంపెనీ ఒక గరిష్ఠ రోటర్ సైజు చెబుతుంది. 180 వరకే అని ఉన్న ఫోర్కుకు అడాప్టర్ (పెద్ద రోటర్‌కు తగ్గట్టు బ్రేకును బయటికి జరిపే ముక్క) పెట్టి 203 బిగించడం కష్టమేం కాదు, బోల్టులు చక్కగా కూర్చుంటాయి. కానీ గట్టిగా బ్రేకు వేసిన ప్రతిసారీ ఫోర్కు ఎడమ కాలు మీద లెక్కకు మించిన ఒత్తిడి పడుతుంది. అది ఎప్పుడు విరుగుతుందో చూసి చెప్పలేం. ఆ పని నేను చేయను, ‘ఏమైనా అయితే బాధ్యత నాదే’ అని కాగితం రాసిచ్చినా చేయను. వెనక చక్రానికి ఫ్రేమ్‌లో చోటు చాలకపోయినా అంతే.

ఆన్‌లైన్‌లో కొన్న రోటర్ తెస్తే బిగిస్తాను, కానీ ముందు చూసి చెబుతాను. తక్కువ ధర రోటర్లు కొన్నింటి మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది, అంటే మెత్తటి రెజిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని. వాటికి మెటల్ ప్యాడ్లు జోడిస్తే రోటర్ గబగబా అరిగిపోతుంది. 200, 203 కూడా ఒకటి కాదు. 203 అడాప్టర్ మీద 200 రోటర్ వేస్తే ప్యాడ్ 1.5 మిల్లీమీటర్లు బయటికి జరిగి కూర్చుంటుంది. రోటర్ దాటి మిగిలిన ప్యాడ్ అంచు అరగకుండా పెదవిలా నిలబడిపోతుంది.

ఒక రోజు ఎందుకంటే, బిగించడానికి పట్టే టైమ్ తక్కువే, మిగతా పనికే టైమ్ కావాలి. చక్రం మధ్యలోని హబ్ అంచు తుడిచి, రోటర్ మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో చూసి, ఆరు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. బోల్టుల టార్క్ (ఎంత గట్టిగా బిగించాలనే లెక్క) కూడా కంపెనీని బట్టి మారుతుంది. షిమానో 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు అంటుంది, స్రామ్ 6.2 అంటుంది. ఆరు బోల్టుల బదులు ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాక్ రకానికైతే 40. అంచనాతో తిప్పితే బోల్టు తల అరిగిపోతుంది, లేదా దారిలో వదులవుతుంది. టార్క్ రెంచ్ లేకుండా మా దగ్గర రోటర్ బిగించడం ఉండదు. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కాలిపర్‌ను (ప్యాడ్లు ఉండే భాగం) మధ్యకు తెచ్చి, రోటర్ ఎక్కడైనా రుద్దుకుంటే ఆ వంకర తీయాలి.

చివరి పని నాకు అన్నిటికంటే ముఖ్యం. కొత్త రోటర్, కొత్త ప్యాడ్ ఒకదానికొకటి అలవాటు పడాలి. పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు జూపార్క్ రోడ్డులో మా కుర్రాడు బండి తొక్కి, ఓ మాదిరి వేగం నుంచి నడక వేగానికి, చక్రం లాక్ కాకుండా, ఇరవై సార్లు దాకా నెమ్మదిస్తాడు. ఆ తర్వాత కాస్త ఎక్కువ వేగం నుంచి మరో పది సార్లు. అప్పుడు ప్యాడ్ పొర రోటర్ మీద సమంగా పరుచుకుంటుంది. ఇది చేయకుండా నేరుగా ఘాట్ దిగినవాళ్లే, కొత్తది వేయించినా పట్టట్లేదని ఫోన్ చేసేది. పెరిగిన 150 రూపాయల్లో ఎక్కువ భాగం ఆ కుర్రాడికే వెళుతుంది.

ఇంట్లో మీరే బిగించుకుంటామంటే చాలా సంతోషం. చక్రం తీసుకుని షాపుకు రండి, టార్క్ రెంచ్ వాడుకోండి, దానికి డబ్బులేమీ అక్కర్లేదు. మందం కొలిచి చెప్పడం కూడా ఉచితమే.

180 రోటర్లు, అడాప్టర్లు ప్రస్తుతం షాపులో ఉన్నాయి. 203 చెన్నై నుంచి తెప్పించాలి కాబట్టి ముందు మీ ఫోర్కు మోడల్ రాసి ఉన్న చోటు ఫొటో తీసి వాట్సాప్ చేయండి. అది చూశాకే ఆర్డర్ పెడతాను. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే వర్తిస్తుంది.