పిడుదులకు నూనె: కొలత, గడువు కూడా రాయండి

సంపాదక మహాశయులకు,

తొలకరి పడగానే పాడిపంట పేజీల్లో ‘పిడుదులు పట్టిన పశువుకు వేప నూనో, నీలగిరి తైలమో రాయండి’ అనే సలహా ఏటా వస్తుంది. సలహా మంచిదే. ఎంత, దేంట్లో కలిపి, ఎన్నిసార్లు అన్నదే ఉండదు. ఒకసారి రాసి, వారం తిరక్కుండా పిడుదులు మళ్లీ కనబడితే రైతు నూనెల మీద నమ్మకం వదిలేసి పురుగుమందు డోసు పెంచేస్తాడు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అనే పురుగుమందులకు లొంగని పిడుదులు మన దేశంలో ఇప్పటికే ఉన్నాయి. పెంచిన డోసు దెబ్బ పశువుకే తగులుతుంది.

వేప నూనెలోని అజాడిరక్టిన్ పిడుదును అక్కడికక్కడే చంపదు. కుబుసం విడవనివ్వదు, గుడ్లు తగ్గిస్తుంది. ఎండకు త్వరగా చెడిపోతుంది. నీలగిరి, నిమ్మగడ్డి తైలాలు తగలగానే పనిచేస్తాయి గానీ కొద్ది గంటల్లో ఆవిరైపోతాయి. ప్రయోగశాలలో పిడుదును తైలంలో ముంచితే వచ్చే ఫలితం ఎండలో నిలబడ్డ ఆవు వీపు మీద రాదు.

పెద్ద పశువు ఒళ్లంతా తడవాలంటే నాలుగైదు లీటర్ల ద్రావణం కావాలి. ఐదు లీటర్లకు వేప నూనె 100 నుంచి 150 మి.లీ., నీలగిరి తైలం కలిపితే 25 మి.లీ. చాలు. చిక్కదనం పెరిగితే చర్మం మండి పొక్కుతుంది. అసలు పొరపాటు కలపడంలో జరుగుతుంది. చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన. నూనె నీళ్లలో కలవడానికి వేసే సబ్బు వాటిలో విరిగి తెట్టె కడుతుంది, నూనె పైకి తేలిపోతుంది. స్ప్రేయర్‌లో ముందు ఉత్త నీళ్లు, చివర చిక్కటి నూనె వస్తాయి. అందుకే కుంకుడు రసం మేలు. పది పన్నెండు కాయలు కొట్టి నానబెట్టి, పిసికి వడగట్టిన అర లీటరు రసంలో నూనెను సన్నటి ధారగా పోస్తూ పాలలా తెల్లబడేదాకా గిలకొట్టాలి. ఆ తర్వాతే మిగతా నీళ్లు. చల్లుతున్నంతసేపూ డబ్బా కదుపుతుండాలి. దీపారాధనకు అమ్మే ‘వేప నూనె’ చాలాసార్లు కల్తీ సరుకు, గానుగ నూనె వెతకండి.

ముందు అరచేయంత చోట రాసి ఒకరోజు చూడాలి. పాలు పితికాక, సాయంత్రం చల్లబడ్డాక, వెంట్రుకలకు ఎదురుగా చల్లాలి. గంగడోలు, తొడల మధ్య, తోక కింద వదలొద్దు. చెవి లోపల తడిగుడ్డతో తుడవాలే తప్ప పోయకూడదు. కళ్లకు, పుండ్లకు, పొదుగుకు తగలనీయొద్దు. పాలకు వాసన పడుతుంది కనుక మర్నాడు పొదుగు కడిగి పితకాలి. లేగదూడలకు ఘాటు తైలాలు వద్దు.

మన పశువుల మీద ఎక్కువగా ఉండే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ పిడుదు పిల్లగా ఎక్కి, దాదాపు మూడు వారాలు ఒకే పశువు మీద పెరిగి, ఆముదం గింజంత ఉబ్బి రాలుతుంది. నేల మీద రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి వారానికొకసారి చొప్పున కనీసం నాలుగుసార్లు చల్లాలి. పీకిన పిడుదును పక్కన పారేస్తే అక్కడే గుడ్లు పెడుతుంది, కిరోసిన్ డబ్బాలో వేయండి. ఆ కిరోసిన్ గానీ, పాత ఇంజిన్ ఆయిల్ గానీ పశువు ఒంటికి ఎన్నడూ పూయొద్దు. థైలేరియా వ్యాధిని మోసే హైలోమా పిడుదులు గోడ నెర్రెల్లో దాక్కుంటాయి. నెర్రెలు పూడ్చి సున్నం కొట్టకుండా పశువుకు ఎంత నూనె రాసినా వృథా.

ఈ కొలతలు మీ పేజీలో అచ్చు వేయండి. వాటి పక్కనే, పెద్ద అక్షరాల్లో ఇది కూడా వేయండి: జ్వరం 104 డిగ్రీలు దాటినా, భుజం ముందు గడ్డ తేలినా, మూత్రం ఎర్రగా వచ్చినా నూనెతో కాలయాపన చేయొద్దు. పిడుదులు మోసే రోగం అప్పటికే రక్తంలోకి చేరి ఉంటుంది, ఆ రోజే పశువైద్యుణ్ణి పిలవాలి. సంకరజాతి ఆవులున్నవాళ్లు థైలేరియా టీకా గురించి కూడా ఆయన్నే అడగాలి.

– ఒక పశువైద్యుడు, ప్రకాశం జిల్లా